రాని బండికి ఊడ్చిన షెడ్డు

ఆయన పోయాడన్న మాట నాకు మొదట చెప్పింది లారీ ఆఫీసు వెంకట్రావు. పొద్దున్నే షట్టరు సగం ఎత్తుతుంటే రోడ్డు దాటి వచ్చి, "శెట్టిగారూ, పోయాడంట" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. సున్నపు బట్టీల బాబాయ్ మంచాన పడి ఉన్నాడని ఊరందరికీ తెలుసు. వెంకట్రావే మళ్ళీ, "మంచోడేలెండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ ఆయనకి చుక్కలు చూపించినవాడు ఇప్పుడు వచ్చి మంచోడని సర్టిఫికెట్టు ఇస్తున్నాడు. అయినా చావు కబురు తెచ్చిన మనిషిని ఏమంటాం? "ఊఁ" అని షట్టరు పూర్తిగా ఎత్తాను.

నాది బరకాల కొట్టు. మిరపకాయల కళ్ళాల మీద, పత్తి లారీల మీద, సున్నం కుప్పల మీద కప్పే టార్పాలిన్ బరకాలు అమ్ముతాను, అద్దెకిస్తాను. కొట్లో గల్లాపెట్టె పక్కన మడతపెట్టిన బరకాల దొంతర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది ఆయన ఆసనం. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. "కుర్చీలో కూర్చుంటే నువ్వు నన్ను పార్టీ అనుకుంటావ్ శెట్టీ. టీ చెప్పి పంపించేస్తావ్. ఈడైతే లేపలేవు" అనేవాడు.

కూర్చోగానే చొక్కా జేబులోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసేవాడు. సున్నపు బట్టీల మీద బతికేవాళ్ళ చేతులు పగిలిపోతాయి, వేళ్ళ సందుల్లో నెత్తురు కారుతుంది. ఆ చేతులకి నిదానంగా, పెళ్ళికూతురికి నలుగు పెడుతున్నంత శ్రద్ధగా నూనె రాసుకునేవాడు. తర్వాత ఆ చేతులతోనే నా బిల్లు పుస్తకాలు, పేపరు, మా ఆవిడ పంపిన టిఫిను గిన్నె, అన్నీ ముట్టుకునేవాడు. రైల్వే పెద్దాఫీసులో ఆయన ఇచ్చిన అర్జీ ఏదో కనుక్కోవడానికి పేరు చూడక్కర్లేదట, నూనె మరకలు చూస్తే చాలని అక్కడి గుమాస్తాలు నవ్వుకునేవారు. ఆ సంగతి ఆయనే చెప్పి ఆయనే నవ్వేవాడు.

ఇంకో అలవాటు ఉంది. కొత్త బేరగాడెవడైనా నా కొట్లో కనబడి, మీ ఊరి సున్నంలో సత్తువ లేదంటగదా అన్నాడంటే అయిపోయాడే. జేబులోంచి సున్నం గడ్డ ఒకటి తీసి నా గుమ్మం మెట్టు మీద పెట్టి, నేను తాగుతున్న గ్లాసు లాక్కుని ఆ నీళ్ళు దాని మీద పోసేవాడు. అది సుయ్యిమని పొంగి, వేడెక్కి, విచ్చిపోయేది. "చూడవయ్యా! మీ ఊళ్ళో కోడళ్ళకి కూడా ఇంత కోపం ఉండదు" అనేవాడు. బేరగాడు నవ్వుకుంటూ పోయేవాడు. నా మెట్టు తెల్లగా మిగిలేది. "ఏంది బాబాయ్, పొద్దునేగా కడిగించింది!" అని మా ఆవిడ లోపల్నించి అరిచేది. "కడిగితే పోయిద్దమ్మా, ఊరి పరువు పోతే రాదు" అని ఈయన.

నాకూ బాబాయే. మాకు చుట్టరికం లేదు, కులం వేరు. ఊళ్ళో చిన్న బట్టీలవాళ్ళందరికీ ఆయన బాబాయో అన్నో. ఆయనకీ ఒక చిన్న బట్టీ ఉండేది.

మా గురజాల వైపు భూమి తవ్వితే రాయి. ఆ రాయిని బొగ్గుతో పొరలు పొరలుగా బట్టీలో పేర్చి కాలిస్తే సున్నం. దాన్ని ఎక్కడో ఉన్న ఉక్కు ఫ్యాక్టరీలకి, చక్కెర మిల్లులకి చేర్చాలి. ఒకప్పుడు రైల్వేవాళ్ళు ఒకటీ రెండూ పెట్టెలు కూడా ఇచ్చేవారు. తర్వాత ఆ పద్ధతి ఎత్తేశారు. ఇస్తే రేక్ మొత్తం, అంటే గేటు నుంచి గేటు దాకా ఉండే బండి మొత్తం, లేదంటే లేదు. అంత సరుకు ఏ ఒక్క బట్టీవాడి దగ్గరా ఉండదు. అందరూ కలిసి, ఒకే రోజు బట్టీలు ముట్టించి, ఒకేసారి సరుకు దింపితే తప్ప రేక్ నిండదు. ఆ అందర్నీ కలిపేవాడు ఈయన. రేక్ ఖాయమైందని తెలిస్తే బట్టీ బట్టీకీ స్వయంగా నడిచి వెళ్ళి, "ముట్టించండ్రా" అని నోటితో చెప్పేవాడు. ఫోను చేసేవాడు కాదు. ఆయన వచ్చి చెబితేనే నిప్పు పెట్టడం మా ఊరి ఆచారం. ఎందుకంటే ఒకసారి ముట్టించిన బట్టీని ఆపడం ఎవరి తరమూ కాదు. కాలిన సున్నం వారాల తరబడి నిలవా ఉండదు, గాలిలో తేమ తగిలినా పొడైపోతుంది.

సిమెంటు ఫ్యాక్టరీకి ఈ తిప్పలు లేవు. పట్టాలు తిన్నగా వాళ్ళ ప్రహరీలోకే పోతాయి.

ఒకసారి రైల్వే పెద్దాఫీసులో, సరుకు పంపేవాళ్ళతో మీటింగని పిలుపొచ్చింది. నన్నూ రమ్మన్నాడు. నేనెందుకు బాబాయ్ అంటే, "ఇంటరు తప్పావుగా, నాకంటే నయమేగా. వాళ్ళు ఇంగ్లీషులో తిడితే చెబుదువు గానీ" అన్నాడు. వెళ్ళాం. ముందు వరసల్లో సిమెంటు కంపెనీల ఆఫీసర్లు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు, బిస్కెట్లు. మేం వెనక. చివర్లో ఎవరైనా మాట్లాడతారా అనగానే ఈయన లేచాడు.

"అయ్యా, కొట్లో చక్కెర లేదంటే పక్క కొట్టుకి పోతా. లారీ వాడు కాదంటే ఇంకో లారీ వాణ్ణి అడుగుతా. పట్టాల మీద మీరు తప్ప ఇంకోళ్ళు లేరు గదా. మీరు బండి ఇయ్యకపోతే నేను ఎవరి దగ్గరికి పోవాలో అది కాస్త చెప్పండి. ఈడనించి అటే పోతా."

హాలంతా నవ్వారు. కుర్చీలో ఉన్న ఆఫీసరు మాత్రం నవ్వలేదు. చిన్నవాడే.

"పెద్దాయనా, రేటు ఎక్కువేశామంటే మీ ఫిర్యాదు వినడానికి ఒక చోటుంది. బండి ఎవరికి ముందివ్వాలన్నది అట్లా కాదు. బొగ్గు ముందు, ఎరువులు ముందు, ఆ తర్వాత ఏడాది పొడుగునా లోడిస్తామని రాసిచ్చినవాళ్ళు. మీరు రాసివ్వగలరా చెప్పండి, మీ పేరూ అందులో చేరుస్తాను."

"ఏడాది పొడుగునా లోడియ్యాలంటే ఏడాది పొడుగునా బట్టీలు కాలాలి గదయ్యా. బండి వచ్చిద్దని నమ్మకముంటే గదా కాలేది. ముందు మీరియ్యండి."

"రూలు ప్రకారం ముందు మీరివ్వాలండీ" అన్నాడు ఆ ఆఫీసరు, ఎంతో మర్యాదగా.

తిరుగు బస్సులో సత్తెనపల్లి దాటాక అన్నాడు: "ఆ కుర్రాడు మంచోడే శెట్టీ. అందుకే నాకు భయమేసింది. చెడ్డోడైతే తిట్టేసి వచ్చేవాణ్ణి."

షెడ్డు ఊడవడం ఆ తర్వాతే మొదలుపెట్టాడు.

స్టేషను పక్కన గూడ్సు షెడ్డు ఉంది. రేకుల కప్పు, సిమెంటు అరుగు. బండి లేని రోజుల్లో అక్కడ మేకలు పడుకుంటాయి. ఒకరోజు పొద్దున ఈయన చీపురు పట్టుకుని ఆ అరుగు ఊడుస్తున్నాడని తెలిసి, మనిషికి మతి పోయిందేమోనని పరుగెత్తాను. నన్ను చూసి కన్ను గీటాడు. "నీ బరకాలు కొన్ని తెచ్చి ఈడ పరువు. నలుగురూ చూసేట్టు పరువు" అన్నాడు.

మధ్యాహ్నానికి వెంకట్రావు నా కొట్టుకొచ్చాడు. అటు చూసి, ఇటు చూసి, "రేక్ వస్తందా శెట్టిగారూ?" అన్నాడు. "ఏమో, బాబాయ్ బరకాలు అడిగాడు" అన్నాను. అది అబద్ధం కాదుగా! సాయంత్రానికి లారీ కిరాయి దిగింది. రేక్ వస్తే బట్టీలవాళ్ళు లారీల మొహం చూడరని వాళ్ళ భయం. ఈయన నా కొట్లో బరకాల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. "బండి రాకపోయినా పర్లేదు శెట్టీ. వచ్చిద్దేమో అన్న అనుమానం ఉంటే చాలు, మన పని అయిద్ది. ఆ అనుమానమే మనకున్న ఇంకో రైలు" అన్నాడు.

కిరాయి మరీ పెరిగినప్పుడల్లా ఆయన చీపురు తీసేవాడు. ఈ నాటకం సంగతి మా ఇద్దరికే తెలుసు. బట్టీలవాళ్ళకి చెప్పలేదు. ఒక్కరికి తెలిస్తే టీ బంకుకి తెలుస్తుంది, టీ బంకుకి తెలిస్తే వెంకట్రావుకి తెలుస్తుంది. అయినా ఇబ్బందేముంది? ఆయన వచ్చి నోటితో చెప్పందే బట్టీ ముట్టించే అలవాటు ఎవరికీ లేదు కదా. మేం అట్లా అనుకున్నాం.

ఆ ఏడు పత్తి బాగా పండింది. లారీలన్నీ చిలకలూరిపేట మిల్లులకి పోయాయి. మిగిలిన నాలుగింటికీ వెంకట్రావు చెప్పిందే వేదం. ఈయన చీపురు తీశాడు. ఈసారి వెంకట్రావు లొంగలేదు, చీపురు మీద అనుమానం వచ్చినట్టుంది. దాంతో ఈయన పంతం పట్టి, షెడ్డంతా బరకాలు పరిపించి, సరుకెత్తే ముఠా కూలీల్ని కూడా పిలిపించి అరుగు మీద కూర్చోబెట్టాడు. మర్నాడు పొద్దున్నే నరసరావుపేటలో ఏదో పెళ్ళికి వెళ్ళాడు.

నాగమ్మక్కకి మా ఊళ్ళో అందరికంటే చిన్న బట్టీ. మొగుడు పోయాక తనే నడుపుకుంటోంది. పొద్దున పాలకి పోతూ షెడ్డు చూసింది. బరకాలున్నాయి, ముఠా వచ్చింది. అన్న ఊళ్ళో లేడు, వచ్చి చెప్పేలోపు ఆలస్యమైతే తన సరుకు బండికి అందదేమోనని కంగారుపడి నిప్పు పెట్టేసింది. ఆ పొగ చూసి పక్కవాడు, ఆయన ఈమెకి చెప్పి వెళ్ళి ఉంటాడనుకుని వాడూ ముట్టించాడు. వాడి పొగ చూసి ఇంకొకడు.

సాయంత్రం బస్సు నా కొట్టు ముందే ఆగింది. ఆయన దిగుతూనే మెట్టు మీద చతికిలపడ్డాడు. బస్సు కిటికీలోంచి అంతా చూశాడు. ఊరి చుట్టూ ఉన్న బట్టీలన్నీ పొగ కక్కుతున్నాయి.

"నేను చెప్పలేదు గదరా" అన్నాడు. నన్ను ఎప్పుడూ 'రా' అని అనలేదు. "నేను ఎవరికీ చెప్పలేదు గదరా శెట్టీ."

అప్పటికప్పుడు స్టేషనుకి పోయి రేక్ కావాలని నిజంగా రాయించాడు. మర్నాటి నుంచి పెద్దాఫీసు మెట్ల మీదే ఉన్నాడు. ఇంటికి తిండికి కూడా రాలేదు. చూద్దాం అన్నారు. బొగ్గు బళ్ళు ఉన్నాయన్నారు, ఎరువుల బళ్ళు ఉన్నాయన్నారు. ఈలోగా బట్టీలు కాలిపోయాయి. సరుకు దింపి షెడ్డు కింద కుప్పలు పోశారు. మిగిలింది షెడ్డు బయట అరుగు మీద పోశారు. నా కొట్లో ఉన్న బరకాలన్నీ వాటి మీదే. వెంకట్రావు చేతులెత్తేశాడు. "నన్ను తిట్టుకుని లాభం లేదు శెట్టిగారూ, ఒట్టు, నా దగ్గర బండ్లు లేవు" అన్నాడు. నిజమే, లేవు.

టీవీలో తుపాను అన్నారు.

వాన మధ్యాహ్నం పట్టుకుంది. గాలికి షెడ్డు రేకులు లేచిపోయాయి. బరకాలు తాళ్ళు తెంపుకుని ఎగిరాయి. నీళ్ళు తగిలిన సున్నం ఒకచోట సుయ్యిమంది, ఇంకోచోట సుయ్యిమంది, చూస్తుండగానే కుప్పలన్నీ ఉడకడం మొదలుపెట్టాయి. ఆ జోరువానలో అరుగు మీద నుంచి ఆవిర్లు లేచాయి. మిగిలిన బరకాలు ఆ వేడికి కరిగి బొక్కలు పడ్డాయి. దగ్గరికి పోతే మొహం కాలుతోంది. ముఠావాళ్ళు పారలు పట్టుకుని నిలబడ్డారు గానీ ఏం చేయాలో ఎవరికీ తెలియదు. నా జన్మలో అట్లాంటిది చూడలేదు, ఇక చూడనూ వద్దు.

ఆయన తడుస్తూ నిలబడ్డాడు. నాగమ్మక్క వచ్చి పక్కన నిలబడింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు చెప్పలేదులే అన్నా" అంది. "షెడ్డు చూసి నేనే ముట్టించా."

ఆయన ఆవిడ వైపు చూడలేకపోయాడు.

ఆ తర్వాత చిన్న బట్టీలు లేవలేదు. ఇంకోసారి ముట్టించే ఓపిక, ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాగమ్మక్క మిరపకాయల కోల్డు స్టోరేజీలో తొడిమలు తీసే పనికి కుదిరింది. ఇంకొకడు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాల దగ్గర చేరాడు. కొందరు రాయి అట్లాగే అమ్మేసుకున్నారు. ఆయన నా కొట్టుకి రావడం తగ్గించాడు. వచ్చినా బరకాల మీద కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడి పోయేవాడు. ఇది నాటకమని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఎవర్ని బాగుచేయాలి?

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున ఆయన గసపెడుతూ వచ్చాడు.

"శెట్టీ, వచ్చింది."

"ఏంది బాబాయ్?"

"బండి."

ఎండ దెబ్బ తగిలిందనుకున్నాను. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. నిజంగానే వచ్చింది. తుపానుకి ముందు రాయించిన రేక్‌ని కొట్టేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అది వరసలో నిలబడి, నిలబడి, మా వంతు వచ్చినప్పుడు వచ్చేసింది. తలుపులు తెరిచిన ఖాళీ పెట్టెలు, గేటు నుంచి గేటు దాకా. లోపల శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి.

ఊరు కదిలి వచ్చింది. కోల్డు స్టోరేజీకి పోతున్న నాగమ్మక్క కూడా టిఫిను డబ్బాతో ఆగింది. పెట్టెలోకి తొంగి చూసి, "ఎంత పెద్దగా ఉందో" అంది. ఎప్పుడూ నిండిన పెట్టెనే చూసిందేమో మరి. పని వేళైందని వెళ్ళిపోయింది.

వెంకట్రావు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను పక్కకి లాగి, "శెట్టిగారూ, కిరాయి తగ్గించేస్తా. సగానికే ఇస్తా. ఎవరికన్నా కావాలేమో కనుక్కోండి" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరికి కావాలి? ఊరు మొత్తం వెతికినా తట్టెడు సున్నం లేదు.

గూడ్సు గుమాస్తా బయటికొచ్చాడు. వేరే ఊరి కుర్రవాడు, ఆయనంటే గౌరవం ఉన్నవాడు. "లోడింగు ఎప్పుడు మొదలెడతారండీ? టైము నడుస్తోంది" అన్నాడు.

ఆయన ఖాళీ అరుగు వైపు చూశాడు.

"సరుకు లేదాండీ?"

"లేదు."

గుమాస్తా మొహం దించుకున్నాడు. "అట్లాగైతే బండి పెట్టినా లోడు ఎత్తలేదని రాయాలండీ. రాస్తే మీకు తెలుసుగా. ఈ స్టేషన్లో ఎత్తే సరుకే లేదంటారు, షెడ్డు మూసేస్తారు. మళ్ళీ ఎవరడిగినా ఇవ్వరు. ఏదో ఒకటి ఎక్కించండి బాబాయ్‌గారూ, రాళ్ళైనా సరే."

"బండి రాయించింది సున్నం పేరు మీద గదయ్యా. రాళ్ళెక్కిస్తే ఎవడు దింపుకుంటాడు?"

"మరి నన్నేం చేయమంటారు?"

ఆయన బండి పొడుగునా ఒకసారి చూశాడు. ఆయన జీవితంలో ఎవర్నీ వంగి అడగడం నేను చూడలేదు. పెద్దాఫీసులో కూడా నిటారుగా నిలబడే అడిగేవాడు. అట్లాంటిది, మనవడి వయసున్న ఆ కుర్రాడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రాలేదని రాయవయ్యా. నీకు పుణ్యం ఉంటది. బండి రాలేదని రాయి."

"నా ఎదురుగా ఉందండీ!"

"ఉన్నా సరే. ఎన్నోసార్లు రాలేదు గదా. ఇది కూడా రాలేదని రాయి."

గుమాస్తా చేతులు విడిపించుకోలేదు. ఆయన వదిలాక లోపలికి పోయి, బండి వచ్చిందనీ, లోడు ఎత్తలేదనీ రాశాడు.